అడుగుట నేర్చిన వేసవి

ఏప్రిలు మాసపు నాలుగవ వారమున బడులకు బీగములు పడిన మరునాటినుండియు, మదనపల్లె వీధులలో కాలు నిలువనీయనంతగా ఎండ కాయుచుండగా, పట్టణమునకు ముప్పది కిలోమీటర్ల చేరువలోనే 4,000 అడుగులకు మించిన ఎత్తున చల్లగా కూర్చుండియున్న హార్సిలీ కొండపైకి, బెంగళూరునుండియు చెన్నపట్టణమునుండియు మన కడప తిరుపతులనుండియు వచ్చు కార్లు ఘాటురోడ్డున చీమలబారువలె ప్రాకుచుండుట ఏటేట చూచుచునే యున్నాము. వచ్చినవారు గాలిబండపై నిలిచి, జుట్టు చెదరుచుండగా ఫొటోలు దిగుదురు. కొండవిడుదులలో ఇప్పుడు రుసుమునకు దొరకు విన్యాసములకై నడుమునకు పట్టీలు బిగించుకొని త్రాళ్ళపై వ్రేలాడుదురు. తమ ధైర్యమును ముప్పది సెకండ్ల రీలుగా కుదించి లోకమునకు పంపి, చీకటి పడకమున్నే దిగిపోవుదురు. వారి యానందమును తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. ఎండకు మాడిన ప్రాణమునకు చల్లగాలి దొరకుట సామాన్యమైన సుకృతము కాదు. కాని, దానికి సాహసయాత్రయని పేరు పెట్టి, దానివలన పిల్లలకు వ్యక్తిత్వవికాసము కలుగునని ప్రకటనలలో వ్రాసి, తల్లిదండ్రులచేత వేలకొలది రూపాయలు కట్టించుచున్నప్పుడు మాత్రము, ఈ కొండలసీమలో పుట్టి కాళ్ళరుగునట్లు తిరిగిన నావంటి ముసలివానికి ఒక మాట చెప్పవలెననిపించును.

ఆ మాట యిది: అమ్మకమునకు వచ్చిన సాహసమున అపాయము లేనట్లే అవసరమును లేదు. నీరు సీసాలో నున్నది. అన్నము వేళకు వచ్చును. త్రాడు తెగదని కాగితముపై పూచీ యున్నది. దారి సెల్‌ఫోను చెప్పును. ఇక పరాయిమనుష్యునితో మనకు పని యేమి? పని లేనిచోట పరిచయము పుట్టదు. తెలుగున పాదము ముందుకు వేసినచో దానిని అడుగు అందుము. ఎదుటివానిని దారియో దాహమో కోరినచో దానిని అడుగుట అందుము. ఈ రెండు మాటలకును మూలములు వేరైన వేరు కావచ్చును, శబ్దశాస్త్రజ్ఞులు నన్ను మన్నింతురు గాక. కాని మండుటెండలో పది మైళ్ళు నడచి ఒక వాకిట నిలిచినవానికి అవి రెండును ఒక్కటే మాటయని తోచక మానదు.

ఆ కొండ పేరునే చూడుడు. పందొమ్మిదవ శతాబ్దమున, మదనపల్లె యింకను కడప జిల్లాలో నున్న కాలమున—చిత్తూరు జిల్లా యేర్పడినది 1911లో గదా—కడప కలెక్టరుగా నుండిన డబ్ల్యు.డి. హార్సిలీ దొర వేసవితాపమునకు తాళలేక ఈ కొండ నెక్కి, దాని చల్లదనమునకు మురిసి, అచ్చట ఇల్లు కట్టించుకొనెను. ఆయన పేరు కొండకు నిలిచిపోయినది. అంతకుమున్ను దానిని ఏనుగు మల్లమ్మ కొండ యనెడివారు. మల్లమ్మ యను పిల్ల కొండపై నొంటరిగా నుండెడిదనియు, ఏనుగులు ఆమెకు ఆహారము తెచ్చి పోషించెడివనియు, చుట్టుపట్ల చెంచులకు జబ్బు చేసినప్పుడు ఆమె మాన్పెడిదనియు, ఒకనాడామె కనబడకపోగా జనులు గుడి కట్టి కొలిచిరనియు ఐతిహ్యము. దొరకు ఆ కొండతో నుండిన సంబంధము చల్లగాలితో సరి. మల్లమ్మ యచ్చట ఒకరిచేత పోషింపబడి వేరొకరిని పోషించినది. ప్రయాణికులలోను ఈ రెండు తెగలవారున్నారు. మొదటి తెగవారు తమ పేరు కొండకు పెట్టి వత్తురు. ఇప్పుడు బండలపై సున్నముతో ప్రేమికుల పేర్లు వ్రాయువారు కూడ ఆ దొరకు శిష్యులే.

ప్రయాణమనగా పరులను అడుగుటయే యను ఈ రహస్యము పూర్వులకు తెలిసియుండెను. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసిగా నుండిన ఏనుగుల వీరాస్వామి కాశీయాత్రకు బయలుదేరినది 1830 మే 18న, అనగా నడివేసవిలో. తిరిగి యిల్లు చేరినది మరుసటి సంవత్సరము సెప్టెంబరులో. ఆయన సంపన్నుడు, పరివారముతో బోయీలతో కదలినవాడు. అయినను ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ను తెరచినచో, ఏ మజిలీలో దిగుటకు చోటున్నది, ఏ యూర నీరు మంచిది, ఎక్కడ సరకులు దొరకును అను లెక్కలే అడుగడుగునను కనబడును. పల్లకి యున్నవానికే పరులయూరిలో తలదాచుకొను చోటును గూర్చి అంత చింత యుండెననగా, కాలినడకవాని మాట చెప్పనేల!

నా సొంత కథ చెప్పుకొనుటకు సిగ్గుగానే యున్నది గాని, వేరొకరి కథ చెప్పుటకన్న అది న్యాయము.

డిగ్రీ పరీక్షలు ముగిసిన వేసవి యది. యాబది యేండ్లు కావచ్చినది. మదనపల్లెలో 1915లో అనిబిసెంటమ్మ స్థాపించిన కళాశాలలో మేము మువ్వురము ఒకే బెంచిపై మూడేండ్లు కూర్చుండినవారము. రవీంద్రనాథ ఠాకూరు ఆ కళాశాలకు అతిథిగా వచ్చి, 1919 ఫిబ్రవరి 28న తన జనగణమన గీతమును ఆంగ్లమున అనువదించుటయు, ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్యయగు మార్గరెట్ కజిన్స్ దానికి స్వరములు కూర్చుటయు మాకు కంఠస్థములు. వంగదేశపు కవి పాటకు ఐర్లండునుండి వచ్చిన యిల్లాలు మన బాహుదా యొడ్డున స్వరము వ్రాసెననగా, దారిలో కలిసినవారివలన ఎట్టివి కలుగునో మాకు తెలియునని మేమనుకొంటిమి. తెలియదు. తెలియుటకు కుప్పము దాక నడువవలసి వచ్చినది.

కుప్పములో మే నెలలో గంగమ్మ జాతర జరుగును. దానిని చూడవలెనని కోరిక. బస్సు ఛార్జీకి డబ్బు లేక కాదు, యౌవనమున కాళ్ళకు వేరొక బుద్ధి యుండుటచేత, నడచిపోవుదమని నిశ్చయించుకొంటిమి. భుజమున తలకొక గుడ్డసంచి, అందులో బొరుగులు, బెల్లపుముద్ద, మువ్వురికి కలిపి ఒక ఇత్తడిచెంబు. కోడి కూయకమున్నే పుంగనూరు దారి పట్టితిమి. బాటకిరువైపుల చింతచెట్ల నీడ యుండుటచేత తొలి రెండు గంటలు పాటలు పాడుకొనుచు పోయితిమి. పది గంటల వేళకు చెంబు ఖాళీయైనది, నోరెండినది, బాట పక్క ఊరిలో ఒక యింటిముందు నిలిచితిమి. ఇంటివాడు మంచివాడే, కసరలేదు. అరుగుపై కూర్చుండబెట్టి, “మీరేమిట్లోళ్ళు నాయినా?” అని యడిగెను.

ఈ సీమలో ఆ ప్రశ్నకు అర్థమేమో చెప్పనక్కరలేదు. మేమిద్దరము చటుక్కున మా కులములు చెప్పితిమి. మూడవవాడు నేల చూచెను. ఇంటివానికి సమాధానము అక్కడనే దొరకినది. మాకు చెంబుతో నీరు వచ్చినది. అతనికి దోసిలి పట్టుమని పైనుండి పోసిరి. అతడు కడుపునిండ త్రాగి, మూతి తుడుచుకొని, ఏమియు జరుగనట్లు లేచెను. మూడేండ్లు ఒకే పుస్తకమును పంచుకొన్న మేము ఆ చెంబును చేతబట్టుకొని నిలుచుంటిమి. క్రింద పెట్టలేదు, వానికి అందియ్యలేదు. ఈనాటికిని నాకా చెంబు బరువు తెలియును.

పుంగనూరు చేరువరకు మా నడుమ మాట లేదు. రాత్రి అంగడివీధిలో ఒక మూసిన కొట్టు వసారాలో పరుండినప్పుడు అతడే పలికెను: “మీకు దారిలో కొండలు కనిపిస్తా ఉండాయి. నాకు ఇండ్లు కనిపిస్తా ఉండాయిరా.”

మరునాడు పలమనేరు దారిలో ఎండదెబ్బ తగిలినది, తగిలినది నాకు. కండ్లు చీకట్లు క్రమ్మి, చెవులలో హోరు పుట్టి, ఒక చింతచెట్టు క్రింద కూలబడితిని. ఆ చెట్టునకెదురుగా పూరింటి పంచలో చింతకాయలు రాశిపోసికొని కొట్టుకొనుచున్న ముసలమ్మ యొకతె చేతి కొయ్యను పడవేసి వచ్చి, “ఈ ఎండకు యాడికి నాయినా పొయ్యేది? కన్నోళ్ళు బుద్ధి చెప్పలేదా మీకు?” అని తిట్టి, తడిగుడ్డ తలపై వేసి, ఉల్లిపాయ నంజుకొనుటకిచ్చి మూడు సత్తులోటాలతో రాగి అంబలి పోసెను. మూడును ఒకే తీరు లోటాలు. ఆమె మమ్ము ఏమిట్లోళ్ళని యడుగలేదు. మరచెనో, అక్కరలేదనుకొనెనో, ఆమెయే ఎవరి వాకిట దోసిలి పట్టిన మనిషియో, నేనెరుగను.

నీరెండ వేళదాక కదలవలదని యామె శాసించుటచేత ఊరక కూర్చుండుటకు సిగ్గుపడి, ఆ రాశి చుట్టు మేమును చేరితిమి. చింతకాయ పెచ్చు కొట్టుట, ఈనె లాగుట, గింజ తీయుట చూచుటకు పిల్లల యాటవలె నుండును గాని, గంట గడచునప్పటికి నా వ్రేళ్ళు వాచి పులుపు మంట పుట్టినది. తరగతిలో మాలో ప్రథముడైనవాడు కాయతోబాటు గింజను, గింజతోబాటు తన గోటిని నలుగగొట్టుకొనెను. మూడవవాని చేయి మాత్రము యంత్రమువలె సాగుచుండెను. ముసలమ్మ మెచ్చుకొనగా అతడు, “వేసంగంతా మాయమ్మ కూలికి కొట్టేది ఇదే అవ్వా” అని తలయెత్తి చెప్పెను. ముందునాడు నేల చూచిన ముఖమే యది. మేమిద్దరము అతని ప్రక్కకు జరిగి, ఎట్లు కొట్టవలెనో చూపుమని యడిగితిమి. మూడేండ్లలో మేమతనిని ఏదైన నేర్పుమని యడుగుట అదే మొదటిసారి.

రాత్రికి ఆమె తన మనుమని పిలిచి, “పొయ్యి ఇస్కూలు బీగంచెవి ఎత్తకరా పో” అనెను. ఊరిబడి తలుపు తెరచిరి. గడప దాటగనే నల్లబల్లపై ఏప్రిలు 23 అను తేదీ చెరగక యుండుట లాంతరు వెలుతురున కనబడినది. ఆ బడిలో ఎవరు పరుండవచ్చును, ఎవరు పరుండరాదు అను ప్రశ్నయే పుట్టలేదు. బడి సర్కారుది, అనగా అందరిది. నా జీవితమున అంత సుఖముగా నిద్రించిన రాత్రులు చాల లేవు.

తరువాతి దారిని గూర్చి విస్తరింపను. వి.కోట దాటినపిమ్మట తెలుగు తమిళముతోను కన్నడముతోను కలియుటయు, టీకొట్టులో తెలుగున అడిగినదానికి అరవమున బదులు వచ్చుటయు, ఎవరును దానిని వింతగా నెన్నకపోవుటయు చూచి మేము వింతపడితిమి. మూడు రాష్ట్రముల ముంగిటనున్న ఆ కుప్పములో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినదని వినినప్పుడు, తగినచోటనే వెలసినదనుకొంటిని. జాతర చూచితిమి, జనసమ్మర్దమున నలిగితిమి, తిరుగుదారి బస్సులో నిలుచుండి నిద్రపోయితిమి. మా మువ్వురి స్నేహము కళాశాలలో పుట్టినదని ఊరివారనుకొందురు. అది పుట్టినది చింతపండు రాశి చుట్టు.

ఇప్పుడా దారులు మారినవి. మేము నడచిననాడు పలమనేరు కుప్పముల అడవులలో ఏనుగులు లేవు. చిరకాలము కానరాకుండిన ఆ గజములు 1980 దశకమున పొరుగు రాష్ట్రముల అడవులనుండి వలసవచ్చి స్థిరపడగా, 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. వేసవిలో అడవిలో నీరింకినప్పుడు అవి మామిడితోటలకును చెరకుమళ్ళకును దిగును, రైతులు రాత్రులు కావలి కాయుదురు, ప్రాణములు పోవుచున్నవి. 2025లో కర్ణాటకమునుండి, అడవి ఏనుగులను అదుపుచేయుటకు శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెచ్చి పలమనేరు చేరువ ముసలిమడుగు శిబిరమున నుంచినది ఈ సంకటము తీర్చుటకే. మల్లమ్మకు అన్నము తెచ్చిన ఏనుగుల కథ చెప్పుకొను సీమలోనే ఇది జరుగుచుండుట కాలవైపరీత్యము. కాబట్టి అనుమతి లేక అడవిలో దూరి రాత్రి మంట వేసికొని దానిని రీలు తీయు యువకులను నేను సాహసులనను. వారికొరకు వెదకుచు పోవు అటవీశాఖ ఉద్యోగి సాహసి. నడక ఊరినుండి ఊరికే సాగవలెను. తొలికోడికి మొదలై తొమ్మిది పది గంటలకు ముగియవలెను. నాకు తగిలిన ఎండదెబ్బకు కారణము నా మూఢత్వము తప్ప వేరొకటి కాదు.

ఆడపిల్లల మాట యేమి యని అడుగువారున్నారు. అడుగవలసిన ప్రశ్నయే. మేము మగపిల్లలము గనుక కొట్టు వసారాలో పరుండగలిగితిమి. అయినను నిజామాబాదు ప్రాంతపు పాకాల గ్రామమున వ్యవసాయకూలీల యింట పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులములో చదివి, భువనగిరి బండపై ఎక్కుట నేర్చిన మాలావత్ పూర్ణ, 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమున్నే, ఎవరెస్టు శిఖరమునెక్కినది మన కండ్లయెదుటనే గదా. ఆమెతోబాటు ఖమ్మమునకు చెందిన ఆనందకుమారును ఎక్కెను. ఆ పిల్లలను పంపినది ప్రభుత్వపు బడి. పర్వతారోహణమున ఒకరి నడుమునకు కట్టిన త్రాడు వేరొకరి నడుమునకును కట్టియుండును. అదియు అడుగుటయే, నోటితో గాక త్రాటితో. ఇక 2006లో ఏడు ఖండముల ఉన్నత శిఖరములను 172 దినములలో ఎక్కి, 2015లో ఆండీసు మంచులో ఒంటరిగా అస్తమించిన నెల్లూరు మల్లి మస్తాన్‌బాబు వంటివారు వేరు. ఆ ఏకాంతమునకు నేను నమస్కరింతును. దానిని ఇతరుల పిల్లలకు బోధింపజాలను.

నేను కోరునది ఎవరెస్టు కాదు. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి కొండల నడుమ ఎంచిన రిషివాలీలో, సాయంకాలము పిల్లలు మౌనముగా కూర్చుండి సూర్యాస్తమయమును చూచు అస్తాచలమను ఆచారమున్నది. అది చక్కని యాచారము. ఆ సూర్యుడే అస్తమించుచున్న కొండల ఈవలిదిక్కున, సర్కారుబడి పిల్లవాడు వేసవి రెండు నెలలును సెల్‌ఫోను వెలుతురున గడపుచున్నాడు. కొంచెము కలిగినవారి పిల్లవాడు కోచింగు గదిలో గడపుచున్నాడు. పొరుగుమండలమునకు కాలినడకన పోయినవాడు వారిలో ఒకడైన నున్నాడా యని మీ వీధిలో విచారించి చూడుడు.

మదనపల్లెనుండి పుంగనూరు మీదుగా కుప్పము వరకు బాట పొడవున ప్రతి పెద్దయూరిలోను ఉన్నత పాఠశాల యున్నది. దానికి వరండా యున్నది, కుళాయి యున్నది, మరుగుదొడ్డి యున్నది, విద్యుద్దీపమున్నది, ప్రహరీ యున్నది. ఏప్రిలు చివరనుండి జూను రెండవ వారము వరకు ఇవన్నియు ఊరక పడియుండును. మధ్యాహ్నభోజనము వండు అమ్మలకు ఆ దినములలో పని యుండదు. తొమ్మిదవ తరగతి పిల్లలు పదిమంది, ఆడపిల్లల జట్టైనచో ఉపాధ్యాయిని తోడుగా, బడినుండి బడికి దినమునకు పండ్రెండు కిలోమీటర్లు మించకుండ వారము దినములు నడచుటకు కావలసినదేమి? సత్రములు కట్టనక్కరలేదు, త్రాళ్ళు కొననక్కరలేదు. ఏ వరండాలో పరుండుటకు ‘మీరేమిట్లోళ్ళు’ అను ప్రశ్న యుండదో ఆ వరండాను తెరచినచో చాలును. ఏ ఊరికి ఆ ఊరిలో ఒక పూట పని చేయింపుడు. చింతపండు కొట్టింపుడు, మామిడికాయలు మోయింపుడు, అన్నము పెట్టిన అమ్మను ఆమె పనిని గూర్చి అడుగుమనుడు.

విద్యాశాఖవారికి నా విన్నపమిది. రాబోవు వేసవికి మూడు మండలములలోనైన దీనిని చేసి చూడుడు. అనుమతిపత్రము మాత్రము మీరియ్యవలెను. బీగంచెవి ఎవరి యింట నున్నదో ఊరిలో ప్రతివారికిని తెలియును.